అద్దం కూర్చునేదాకా

మా అబ్బాయి పనికి వెళ్లాలంటే మెట్లు దిగితే చాలు. పైన మా ఇల్లు, కింద మా షెడ్డు. అయినా వాడు మెట్లు దిగిన ప్రతిసారీ నా గుండె ఒక మెట్టు జారుతుంది. జాకీ తప్పుతుందేమో, పెట్రోలు అంటుకుంటుందేమో, గ్రైండరు బ్లేడు విరిగి కంట్లోకి ఎగురుతుందేమో అని. "అక్కా, భయపడటం ఒక ఉద్యోగమైతే ఈపాటికి నీకు పెద్ద పదవి వచ్చి ఉండేది," అంటాడు మా తమ్ముడు. మా ఆయన పోయాక ఆ షెడ్డు మూతపడకుండా కాపాడింది వాడే. ఇప్పుడు మామా అల్లుళ్లిద్దరూ కలిసి నడుపుతున్నారు. పాత కార్లకు ప్రాణం పోయడమే వాళ్ల పని.

ఆ ఇటలీ కారు మా షెడ్డుకు వచ్చిన రోజు నాకింకా గుర్తుంది. లారీ మీద, టార్పాలిన్ కప్పి తెచ్చారు. టార్పాలిన్ తీయగానే మావాడు దాని చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు. నాకేమో తుప్పు తప్ప ఇంకేమీ కనిపించలేదు. నాలుగు తలుపుల కారు, కానీ నేలను పాకుతున్నట్టు కిందికి ఉంది. ముందు భాగం మంచమంత పొడుగు. లోపల తోలు సీట్లు, చెక్కతో చేసిన డాష్‌బోర్డు.

"అమ్మా, ఇది రేసు కారే. కాకపోతే పెళ్లాం పిల్లల్ని కూడా ఎక్కించుకోవచ్చు," అన్నాడు మావాడు.

"ముందు ఆ పెళ్లాం సంగతి చూడు," అన్నాను.

"ఇదేగా," అని బానెట్ మీద చెయ్యి వేశాడు. ఆ రోజు నుంచి మా తమ్ముడు దాన్ని "మా కోడలు" అనేవాడు. పొద్దున్నే షట్టరు ఎత్తుతూ, "కోడలు పిల్ల లేచిందా?" అని అడిగేవాడు.

దాన్ని చేసింది చాలా చిన్న కంపెనీ అట. ఎప్పుడో మూతపడిందట. అది చేసిన కార్లన్నీ కలిపినా మా వీధిలో ఇళ్లన్ని ఉండవట. ఇంజను అమెరికా నుంచి కొని పెట్టుకున్నారు. వెనక దీపాలు ఇంకేదో చవక కారువి. మావాడికి అవన్నీ దొరికాయి. దొరకనిది ఒక్కటే, ముందద్దం. ఆ వంపు ఇంకే కారుకూ లేదు. ఊళ్లు, దేశాలు వెతికి వెతికి, చివరికి ఎక్కడో ఒక ముసలాయన గోదాములో ఒక్కటి దొరికింది. గడ్డి కూరిన చెక్కపెట్టెలో వచ్చింది. పెట్టె తెరిచేటప్పుడు మావాడు నన్ను దగ్గరికి రానివ్వలేదు. నా ఊపిరికి కూడా పగులుతుందన్నంత భయం వాడిది. ఆ ఒక్క విషయంలో వాడు నా కొడుకే అనిపించింది.

కారు రాళ్ల క్వారీ వాళ్లది. ఆ ఇంటి పెద్దాయన ఈ కారును నడిపేవాడు. ఆయన పోయాక ఇద్దరు కొడుకులు మిగిలారు. మా షెడ్డులో వాళ్లకు పెట్టిన పేర్లు పెద్ద క్వారీ, చిన్న క్వారీ. కారు మాకు అప్పజెప్పింది పెద్ద క్వారీ. చిన్న క్వారీకి అది గిట్టలేదు. నాన్న నన్ను బడికి అందులోనే దింపేవాడు, అది నాకు రావాల్సిందే అంటాడు. అన్నదమ్ములు కొట్లాడుకుంటే పోయేది మధ్యలో ఉన్నవాళ్లే అని నేను మొదటి రోజే చెప్పాను. నా మాట విని నవ్వారు.

అద్దం వచ్చిన కొన్నాళ్లకు చిన్న క్వారీ షెడ్డుకు వచ్చాడు. వెంట ఇద్దరు మనుషులు. ఒకడు గళ్ల చొక్కా, ఒకడు బట్టతల. వచ్చీరాగానే కారు తలుపు తీసుకుని వెనక సీట్లో కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు. సిగరెట్టు వెలిగించాడు.

"సార్, లోపల సిగరెట్టు వద్దు. తోలు కొత్తగా కుట్టించాం," అన్నాడు మావాడు.

"ఎవరి కారులో ఎవరు వద్దంటున్నారు?" అని చిన్న క్వారీ నవ్వుతూ ఆ సిగరెట్టును సీటు తోలు మీద ఆనించి నొక్కాడు. తోలు కాలిన వాసన పైన వంటింట్లో ఉన్న నాదాకా వచ్చింది. నేను షెడ్డులోకి కనిపించే కిటికీలోంచి చూసేసరికి మావాడు వాడి కాలరు పట్టుకుని బయటికి లాగి చెంప మీద ఒక్కటి కొట్టాడు. ఆ చప్పుడుకు పక్క షెడ్డులో లేత్ మిషను వాడు కూడా తల బయట పెట్టి చూశాడు.

చిన్న క్వారీ తిరిగి కొట్టలేదు. నాకు దానికే భయం వేసింది. చెంప తడుముకుని, మావాడి కుడిచేతిని కాసేపు చూసి, "ఆ చెయ్యి నీ ఒంటికి ఎన్నాళ్లు అతుక్కుని ఉంటుందో చూస్తా," అని వెళ్లిపోయాడు.

ఆ రోజు నుంచి నాకు అన్నం సహించలేదు. "పెద్ద క్వారీకి చెప్పరా, కారు ఇచ్చేయ్‌రా," అని పోరాను. "అద్దం పెట్టేసి ఇచ్చేస్తానమ్మా, ఇంకెంతసేపు," అన్నాడు. పోలీసులకు చెబుదామన్నాను. "నేనే కొట్టానని చెప్పనా?" అన్నాడు. ఇక నేనేం చెయ్యను? వాడు అన్నం కలుపుతుంటే ఆ చేతినే చూస్తూ కూర్చునేదాన్ని. ఆ చెయ్యి లేకపోతే వాడు లేడు. రేకు మీద అరచెయ్యి రాసి, కంటికి కనపడని సొట్టను పట్టుకుంటాడు వాడు. ఇంకో పని రాదు, ఇంకో పని చెయ్యడు.

అద్దం కూర్చోబెట్టే పనికి నేను తప్పకుండా ఉండాలి. అది మా షెడ్డు పద్ధతి. అద్దం చుట్టూ బీడింగు అనే రబ్బరు పట్టీ తొడుగుతారు. ఆ బీడింగు గాడిలో చుట్టూ ఒక సన్నటి నైలాన్ తాడు దూరుస్తారు. దాని కొసలు కారు లోపల వేలాడతాయి. బయట ఇద్దరు రెండు మూలలా అరచేతులతో అద్దాన్ని నొక్కి పట్టుకోవాలి. లోపల ఒకరు కూర్చుని తాడు లాగుతూ పోతే, తాడు బయటికి వచ్చిన మేరకు రబ్బరు అంచు రేకు మీదకు ఎక్కి కూర్చుంటుంది. ముందు కింద, తర్వాత ఒక పక్క, తర్వాత పైన, చివరకు రెండో పక్క. పై అంచు ఎక్కేదాకా బయటివాళ్లు చేతులు తియ్యకూడదు. తీస్తే అద్దం బానెట్ మీద వెల్లకిలా పడుతుంది. లోపలివాళ్లు గుంజకూడదు. గుంజితే రబ్బరు చిరుగుతుంది, లేదా మూల పగులుతుంది. అంగుళం అంగుళం లాగాలి.

"దీనికి ధైర్యవంతులు పనికిరారు, మా అక్క లాంటి పిరికిదే కావాలి," అంటాడు మా తమ్ముడు. నిజమే, మా షెడ్డులో కూర్చున్న ప్రతి అద్దమూ నా చేతి మీదుగా కూర్చున్నదే.

ఆ రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక పని మొదలుపెట్టాం. నేను ముందు, డ్రైవరు పక్క సీటులో మోకాళ్ల మీద కూర్చున్నాను. అరచెయ్యి కోసుకోకుండా తాడు కొసకు చెక్కముక్క కట్టుకున్నాను. కుడిమూల మావాడు, ఎడమమూల తమ్ముడు. బీడింగంతా సబ్బునీళ్లు పూశారు. అద్దం అవతల ఇద్దరి ముఖాలూ నాకు దగ్గరగా, కొంచెం వంకరగా కనిపిస్తున్నాయి.

"అమ్మా, కోడలిని గట్టిగా లాగకు. పుట్టింటికి పోతుంది," అన్నాడు మావాడు.

"నోర్మూసుకుని నొక్కరా," అన్నాను.

కింది అంచు ఎక్కింది. మెత్తగా, చిన్న చప్పుడుతో. పక్క అంచు మొదలుపెట్టాను. అప్పుడు షట్టరు కిందికి దిగింది.

ముందు కరెంటు పోయిందనుకున్నాను. చీకటి కాలేదు గానీ వెలుతురు తగ్గింది. తల తిప్పితే చిన్న క్వారీ. వెనక గళ్ల చొక్కా షట్టరుకు గొళ్లెం పెడుతున్నాడు. బట్టతలవాడి భుజం మీద సమ్మెట ఉంది, క్వారీలో రాళ్లు పగలగొట్టేది. పక్క షెడ్డులో లేత్ మిషను గీపెడుతోంది. ఇక్కడ గొంతు చించుకుని అరిచినా అవతలికి వినపడదు. మావాడి సెల్లు, తమ్ముడి సెల్లు రెండూ గోడ దగ్గర బల్ల మీద ఉన్నాయి.

"పని ఆపకండి. మంచి టైముకే వచ్చానే," అన్నాడు చిన్న క్వారీ.

"సార్, చేతులు ఖాళీ లేవు. పని అయ్యాక మాట్లాడుకుందాం," అన్నాడు మావాడు. వాడి గొంతులో వణుకు లేదు.

"నేనూ అదే అంటున్నా. అద్దం పెట్టు. కారు నేను తీసుకుపోతా. పోయేముందు నీ చెయ్యి పని చూసుకుని పోతా."

బట్టతలవాడు గోడ వారగా ఉన్న ఇనుప దిమ్మను కాలితో నేల మధ్యకు దొర్లించాడు. మావాడు రేకులు సాపు చేసుకునే దిమ్మ అది. దాని పక్కన సమ్మెట నిలబెట్టాడు. ఎవరూ ఇంకేం చెప్పనక్కర్లేదు.

మా తమ్ముడు, "ఏయ్, మీ అన్నకు తెలిస్తే..." అంటూ అద్దం వదలకుండానే ఒక అడుగు వెనక్కి వేశాడు. బట్టతలవాడు సమ్మెట అడ్డంగా తిప్పి వాడి మోకాలి మీద కొట్టాడు. ఆ ఎముక చప్పుడు నేను కారులోంచి విన్నాను. తమ్ముడు కేక కూడా పూర్తిగా వెయ్యలేదు, ఊపిరి మధ్యలో తెగినట్టు కూలిపోయాడు. ఎడమమూల అద్దం లేచింది.

"పట్టుకోరా దున్నపోతా! అద్దం!" అని అరిచాడు చిన్న క్వారీ. గళ్ల చొక్కావాడు పరిగెత్తుకొచ్చి రెండు చేతులతో ఆ మూల పట్టుకున్నాడు. భయంతో వాడి కళ్లు కూడా పెద్దవయ్యాయి. "ఇప్పుడు నేనేం చెయ్యాలి అన్నా?" అని మావాడినే అడిగాడు.

"నొక్కి పట్టుకో. వేళ్లతో కాదు, అరచేతులతో," అన్నాడు మావాడు. అలవాటులో చెప్పేశాడు.

చిన్న క్వారీ మావాడి వెనక చేరి పక్కటెముకల్లో గుద్దాడు. మావాడు చేతులు తియ్యలేదు. ఇంకోటి. ఇంకోటి. ముఖం మీద కొట్టాడు, వాడి ఉంగరానికి కనుబొమ పైన చీరుకుంది. నెత్తురు అద్దం మీద పడి సబ్బునీళ్లతో కలిసి కిందికి జారింది. మావాడి అరచేతులు అద్దానికి అతుక్కున్నట్టే ఉన్నాయి. ఒక్కో దెబ్బ పడ్డప్పుడు అద్దం కదిలేది, అద్దంతో పాటు బీడింగు, బీడింగుతో పాటు నా చేతిలో తాడు. నా కొడుకు తింటున్న దెబ్బలన్నీ తాడు మీదుగా నా అరచేతిలోకి వచ్చాయి. కళ్లు మూసుకున్నా తప్పించుకునే వీల్లేదు.

నాకప్పుడు ఒక్కటే తోచింది. అద్దం త్వరగా కూర్చుంటే వాడి చేతులు ఖాళీ అవుతాయి, వాడు పారిపోతాడు. గబగబా లాగాను. పక్క అంచు టకటకా ఎక్కేసింది. ఎప్పుడూ అలా లాగలేదు.

"అమ్మా, మెల్లగా," అన్నాడు మావాడు. పెదవి చిట్లి మాట సరిగా రాలేదు. అద్దం అవతల నుంచి నన్నే చూస్తూ, "తొందరేం లేదు. మెల్లగా," అన్నాడు మళ్లీ.

అప్పుడు ఇనుప దిమ్మ చూశాను. సమ్మెట చూశాను. అర్థమైంది. ఈ అద్దం చిన్న క్వారీకీ కావాలి, ముక్కలు కాకుండా కావాలి. అద్దం కూర్చోనంతసేపూ నా కొడుకు చేతులు ఎవరూ ముట్టుకోరు. ఎక్కడైనా కొడతారు గానీ చేతుల మీద కొట్టరు. నేను లాగడం పూర్తి చేసిన క్షణమే వాడి చెయ్యి దిమ్మ మీదకు పోతుంది.

లాగడం ఆపేశాను.

"ఏమైంది?" అన్నాడు చిన్న క్వారీ.

"తాడు పట్టేసింది బాబూ. సబ్బునీళ్లు కావాలి."

బట్టతలవాడు బకెట్టు తెచ్చి గుడ్డతో అద్దం చుట్టూ రుద్దాడు. నేను కొంచెం లాగాను. మళ్లీ ఆపాను. రబ్బరు మెలిపడింది, వేలితో సరిచెయ్యాలన్నాను. లేని మెలిని వెతుకుతూ కాసేపు గడిపాను. పెద్ద క్వారీ సాయంత్రం కారు చూడటానికి వస్తానన్నాడు. సాయంత్రం ఎంత దూరంలో ఉందో నాకు తెలియదు. అంతవరకు తాడు మిగలాలి, అంతే.

"ముసలిదానా, నాటకాలా?" అన్నాడు చిన్న క్వారీ.

"తొందరపడితే మూల పగులుతుంది నాయనా. ఇంకోటి దొరకదు. మీ నాన్నగారి కారు కదా."

ఆ మాటకు కాస్త ఆగాడు. తర్వాత నేల మీద పడి ఉన్న మా తమ్ముడి దగ్గరికి వెళ్లి, వాచిపోయిన మోకాలి మీద బూటు పెట్టాడు. "నువ్వు ఆపినప్పుడల్లా నేను తొక్కుతా. ఇప్పుడు లాగు."

తమ్ముడి అరుపు విని నా చెయ్యి దానంతట అదే లాగింది. వాడు నేను ఎత్తుకుని పెంచినవాడు. వాడి ముఖం బూడిద రంగుకు తిరిగింది. చెమట కారుతోంది. ఆ స్థితిలో తల తిప్పి నన్ను చూశాడు.

"అక్కా, ఇటు చూడకు," అన్నాడు. "నువ్వు నీ పద్ధతిలోనే లాగు."

నా పద్ధతిలోనే లాగాను. కొంచెం లాగడం, ఆపడం. ఆపినప్పుడల్లా వాడు అరిచేవాడు. ఒకసారి నవ్వబోయాడు కూడా, "అల్లుడూ, ఈ కాలితో ఇంక క్లచ్చు తొక్కలేనురా," అని. మావాడు ఏడుస్తున్నాడు. చేతులు మాత్రం తియ్యలేదు. దేవుడికి మొక్కుకున్నానో, తిట్టానో గుర్తులేదు. ఒకరి చెయ్యి కోసం ఇంకొకరి కాలు నలిగిపోతుంటే ఏ తల్లి, ఏ అక్క ఏం చేస్తుంది? తాడు పైమూలకు చేరింది. పై అంచు మీద సగం మిగిలింది.

చిన్న క్వారీకి ఓపిక పోయింది. డ్రైవరు వైపు తలుపు తీసి లోపలికి దూరాడు. స్టీరింగుకూ సీటుకూ మధ్య ఇరుకుగా కూర్చుని, ముందుకు వంగి, తల పైకెత్తి అద్దం మూలలోకి చూశాడు. "ఎక్కడ పట్టేసింది? ఏదీ చూపించు. తాడు ఇటివ్వు," అన్నాడు.

వాడి మెడ నా ఎదురుగా ఉంది. అప్పుడే క్షవరం చేయించుకున్న మెడ. అంతసేపూ లాగిన తాడంతా సబ్బునీళ్లతో నానిపోయి నా ఒళ్లో కుప్పగా పడి ఉంది. నేనేం ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే భయపడేదాన్ని. తాడును వాడి తల మీదుగా వేసి, మెడ వెనక మెలి తిప్పి, చెక్కముక్కను రెండు చేతులా పట్టుకుని, నా వీపు తలుపుకు ఆనించి, రెండు పాదాలూ వాడి భుజానికి తన్నిపెట్టి లాగాను. అంగుళం అంగుళం కాదు.

వాడు బలమైనవాడే. కానీ స్టీరింగు అడ్డం. వెనక్కి చేతులు విసిరి నా ముఖం గీరాడు, జుట్టు పట్టుకున్నాడు. తల వెనక్కి విసిరితే నా పన్ను ఊడి నోట్లో పడింది. ఉమ్మేసి మళ్లీ లాగాను. వాడి గొంతులోంచి పైపులో గాలి చిక్కుకున్నట్టు చప్పుడొచ్చింది. కాళ్లతో డాష్‌బోర్డు కింద తన్నుతున్నాడు. కారంతా ఊగుతోంది.

"అన్నా! అన్నా!" అంటూ గళ్ల చొక్కావాడు అద్దం వదిలేశాడు. ఎడమమూల పైకి లేచింది. మావాడు ఒక్కడే రెండు చేతులు బార్లా చాపి, ఛాతీ ఆనించి అద్దం ఆపాడు. నేల మీద నుంచి మా తమ్ముడు గళ్ల చొక్కావాడి చీలమండ పట్టుకున్నాడు. వాడు ఒలికిన సబ్బునీళ్ల మీద జారి, ఇనుప దిమ్మ మీద దవడ పెట్టి పడ్డాడు. మళ్లీ లేవలేదు.

బట్టతలవాడు సమ్మెటతో నా వైపు తలుపుకు వచ్చాడు. పక్కద్దం మీద కొట్టాడు. అద్దం ముక్కలు వర్షంలా నా మీద పడ్డాయి. సమ్మెట తల నా భుజానికి తగిలింది. ఏదో విరిగిందని తెలిసింది గానీ నొప్పి తెలియలేదు. నేను తాడు వదల్లేదు. వాడు మళ్లీ సమ్మెట ఎత్తాడు. ఈసారి నా తలకే.

అప్పుడు మావాడు అద్దం వదిలేశాడు.

అన్ని దెబ్బలు తిని వదలనిది, నా కోసం వదిలేశాడు. అద్దం మెల్లగా వెనక్కి వాలి బానెట్ మీద పడి, సాలెగూడులా పగిలి, జారి నేల మీద ముక్కలైంది. ఆ చప్పుడు మాయమయ్యేలోపే మావాడు బట్టతలవాడి మీద పడ్డాడు. వాడి తల కారు పైరేకుకు వేసి కొట్టాడు. కారు వెనక తలుపు లాగి తెరిచి, వాడి ముంజేయి సందులో ఉండగా మూశాడు. మళ్లీ తెరిచి మూశాడు. ఎండుకట్టె విరిగినట్టు విరిగింది. సమ్మెట నేల మీద పడింది. బట్టతలవాడు విరిగిన చేతిని పొట్టకు హత్తుకుని గోడ దాకా పాక్కుంటూ పోయాడు.

మావాడు చుట్టూ తిరిగి డ్రైవరు వైపుకు వచ్చాడు.

"అయిపోయిందమ్మా. వదులు."

విన్నాను. వదల్లేదు.

"అమ్మా, వదులు. చచ్చిపోతాడు."

అదీ విన్నాను. చిన్న క్వారీ ముఖం నల్లగా అయింది. చేతులు గాలిలో తడుముకుంటున్నాయి, గీరడం మానేశాయి. నేను లెక్క వేసుకుంటున్నాను. వీడు బతికితే మళ్లీ వస్తాడు. రేపు కాకపోతే ఇంకో రోజు, ఇక్కడ కాకపోతే వీధిలో. మావాడు ఏ పాల పాకెట్టుకో వెళ్తాడు, తిరిగి వచ్చేసరికి చెయ్యి ఉండదు. బతికున్నంతకాలం ఆ చేతిని చూసుకుంటూ ఇలా వణకాలి. ఇంకొంచెం లాగితే చాలు, ఆ భయం ఉండదు. నా జీవితంలో అంత స్పష్టంగా ఎప్పుడూ ఆలోచించలేదు. పాదాలు ఇంకా గట్టిగా తన్నాను.

మావాడు నా వేళ్లు విడదీయబోయాడు. రాలేదు. అప్పుడు వాడు తన కుడిచెయ్యి తాడు కింద దూర్చాడు. చిన్న క్వారీ మెడకూ తాడుకూ మధ్య నాలుగు వేళ్లు. తాడు ఆ వేళ్లలోకి దిగింది. చర్మం తెగడం చూశాను. నెత్తురు తాడు వెంట పాకింది.

"లాగు," అన్నాడు. "లాగాలనుంటే లాగమ్మా."

చెక్కముక్క నా చేతుల్లోంచి పడిపోయింది.

చిన్న క్వారీ కారులోంచి నేల మీదకు దొర్లాడు. ఊపిరి పీల్చేసరికి రంపంతో రేకు కోసినట్టు చప్పుడైంది. కక్కుకున్నాడు. చాలాసేపటికి గోడ పట్టుకుని లేచాడు. బట్టతలవాడు ఒక చేత్తో షట్టరు ఎత్తబోయి ఎత్తలేకపోతే, మావాడే వెళ్లి ఎత్తాడు. వెళ్లేముందు చిన్న క్వారీ తిరిగి చూశాడు. మావాడిని కాదు, నన్ను చూశాడు. అడుగులు వెనక్కి వేస్తూ, నాకు వీపు చూపించకుండా బయటికి పోయాడు. గళ్ల చొక్కావాడిని వాళ్లు తీసుకెళ్లలేదు. ఆ తర్వాత మేమే మా తమ్ముడితో పాటు ఆసుపత్రికి చేర్చాం.

మావాడు సబ్బునీళ్ల బకెట్టులో చెయ్యి ముంచాడు. నీళ్లు ఎర్రబడ్డాయి. వాడి పక్కన కూలబడి, "ముడువు," అన్నాను. ముడిచాడు. "తెరువు." తెరిచాడు. నాలుగు వేళ్లూ కదిలాయి. మళ్లీ మళ్లీ చేయించాను.

"చంపేసేదానివేనా అమ్మా?" అన్నాడు.

"నువ్వు చెయ్యి పెట్టకపోతే..." అన్నాను. మిగతాది వాడే అర్థం చేసుకున్నాడు. లేచి వాళ్ల మావయ్యను ఎత్తడానికి వెళ్లాడు.

పోలీసులు వచ్చారు. అన్నదమ్ములు ఏం మాట్లాడుకున్నారో గానీ కేసు నిలవలేదు. చిన్న క్వారీకి గొంతు పూర్తిగా తిరిగి రాలేదట, గుసగుసగానే మాట్లాడతాడట. ఈ వీధి వైపు రావడం లేదు. పెద్ద క్వారీ వచ్చి, పగిలిన అద్దం ముక్కల దగ్గర గొంతుక్కూర్చుని, ఒక ముక్క తీసుకుని చాలాసేపు చూశాడు. మమ్మల్ని ఒక్క మాట అనలేదు. కారును మళ్లీ టార్పాలిన్ కప్పి లారీ మీద ఎక్కించుకుపోయాడు. మావాడు ఆ లారీ మలుపు తిరిగేదాకా నిలబడ్డాడు.

మా తమ్ముడు కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. నా భుజం అతుక్కుంది. మావాడి వేళ్ల మీద తెల్లటి గీత మిగిలింది గానీ, అరచెయ్యి రాసి సొట్టను పట్టుకోవడం పోలేదు. షెడ్డు నడుస్తోంది. పోయిన వారం కూడా ఒక పాత కారుకు ముందద్దం పెట్టారు. తాడు లాగడానికి నన్ను పిలవలేదు. పక్క షెడ్డులో లేత్ మిషను వాడిని పిలిచాడు మావాడు. "నీ భుజం ఇంకా బాగోలేదుగా అమ్మా," అన్నాడు నా ముఖం చూడకుండా. నా భుజం బాగానే ఉంది. వాడికీ తెలుసు.

వంటింటి కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాను. లేత్ మిషను వాడికి పని రాదు, ఊరికే గుంజుతున్నాడు. "మెల్లగా లాగన్నా, మెల్లగా," అని మావాడు బయట నుంచి అరుస్తూనే ఉన్నాడు.